లేని జబ్బు నయమైన వైనం

ఆ పొద్దున ఫిరున్ వేసుకున్న పథకం పిసరంతే. ఎండ కొబ్బరిచెట్ల మీదికి ఎక్కేదాకా జబ్బు మనిషిలా చాప మీద పడుకోవాలి. మధ్యాహ్నం భోజనం వేళకు కోలుకోవాలి. సాయంత్రం నీళ్ళ పండుగ పందెంలో తమ బౌద్ధ విహారం పడవకు చుక్కాని పట్టాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు, పైగా ఇంగ్లీషు హోంవర్కు పూర్తవుతుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాడు పాపం. ఆ దెబ్బ తన వీపు మీదే పడుతుందని అప్పటికి అతనికి తెలియదు.

సియాం రీప్ పట్టణంలో టుక్‌టుక్ ఆటో నడిపేవాళ్ళలో ఫిరున్‌కు మంచి పేరే ఉంది. బండి శుభ్రంగా ఉంచుతాడు, బేరం దగ్గర పేచీ పెట్టడు. ఇంగ్లీషే అంతంతమాత్రం. అందుకని చీకటి పడే వేళకు బజారు వెనక మాలియా టీచర్ నడిపే తరగతికి వెళ్తున్నాడు. అతని భార్య చాన్నీకి తమ్ముడి వరసయ్యే కోసల్ కూడా అదే తరగతి, అదే బల్ల. పండుగ సెలవులిచ్చే ముందు రోజు మాలియా టీచర్ బోర్డు మీద ఒక మాట రాసింది. ప్రిటెండ్.

"ఈ ఒక్క మాటకి మన ఖ్మేర్ భాషలో మూడు మాటలున్నాయి," అంది. "ఒకటి త్వ పుత్. మనసులో ఒకటి, మొహంలో ఒకటి. అంటే దొంగవేషాలన్నమాట. రెండోది క్లెంగ్. అంటే నకిలీ, దొంగనోటు లాంటిది. మూడోది త్వ చియా. కానిది అయినట్టు నటించడం. పిల్లలు దొంగా పోలీసూ ఆడుకుంటారే, అలాంటిది."

కోసల్ ఊరుకునే రకం కాదు. "చియా అంటే జబ్బు నయమవడం కూడా కదా టీచర్? మా యోన్ తాత రోగుల్ని 'త్వ ఒయ్ చియా' చేస్తానంటాడు. అంటే నయమైనట్టు నటింపజేస్తాడా?"

తరగతి అంతా గొల్లుమంది. టీచర్ కూడా నవ్వాపుకోలేకపోయింది. "'త్వ ఒయ్ చియా' అంటే నయం చెయ్యడం. 'త్వ చియా' అంటే అయినట్టు నటించడం. మధ్యలో ఆ 'ఒయ్' మింగేశారంటే వైద్యుడు కాస్తా వేషగాడైపోతాడు. కాస్త నోరు తిరగనివ్వండి బాబూ," అని, హోంవర్కు ఇచ్చింది. సెలవుల్లో ప్రతివాళ్ళూ ఇంట్లో ఏదో ఒకటి ప్రిటెండ్ చేయాలి. ఎవరికీ చెప్పకూడదు. తిరిగి వచ్చాక, ఏం చేశారో ఇంగ్లీషులో ఒక్క వాక్యంలో చెప్పాలి.

ఫిరున్ జబ్బునే ఎంచుకోవడానికి వెనక ఒక రోకలి ఉంది. అత్తగారు కిమ్‌లీ ప్రతి నీళ్ళ పండుగకూ అటుకులు దంచి అమ్ముతుంది. కొత్త వడ్లు మంగలంలో వేయించి, వేడి చల్లారకుండా రోట్లో పోసి దంచాలి. వేయించడం ఆవిడ వంతు, చెరగడం చాన్నీ వంతు, దంచడం ఇల్లరికపుటల్లుడి వంతు. ఏటా ఆ రోకలి ఎత్తీ ఎత్తీ ఫిరున్ రెక్కలు పడిపోయేవి. ఇప్పటిదాకా పడిపోతే పడిపోయాయనుకున్నాడు. కానీ ఈ ఏడు అలా కుదరదు. ఈ ఏడు మొట్టమొదటిసారి చుక్కాని అతనిది.

ఆ చుక్కాని ఒకప్పుడు వాళ్ళ నాన్నది. ఆయన పోయాక ఇంకెవరెవరి చేతుల్లోకో వెళ్ళింది. ఫిరున్ మీసాలు రాకముందు నుంచీ అదే పడవలో తెడ్డు వేస్తున్నాడు, వెనక్కి తిరిగి ఆ చుక్కాని వంక చూస్తూనే ఉన్నాడు. మొన్ననే పడవ పెద్ద యోన్ తాత పిలిచి, "ఇక నువ్వు పట్టరా," అన్నాడు. ఆ రాత్రి ఫిరున్ భార్యకు కనబడకుండా ఏడ్చాడు. సంతోషానికే లెండి. అలాంటి చుక్కానిని పట్టాల్సిన చేతులతో పొద్దున్నే వడ్లు దంచడం ఏమిటని అతని బాధ. బాధలో న్యాయముంది, ఉపాయంలోనే లేదు.

"ఏమండీ, లేవండి. అమ్మ మంగలం పొయ్యి మీద పెట్టేసింది," అంది చాన్నీ.

ఫిరున్ మూలిగాడు. ఆ మూలుగును ముందు రోజు టుక్‌టుక్‌లో, బేరం కోసం చూస్తూ సాధన చేశాడు.

"తల తిరిగిపోతోందే. ఒళ్ళంతా పోట్లు. కాసేపు పడుకుంటే అదే పోతుంది."

చాన్నీ మొహం తెల్లబోయింది. పెళ్ళయిన నాటి నుంచీ మొగుడు ఒంట్లో బాగాలేదన్న పాపాన పోలేదు. "అమ్మా!" అని పెట్టిన కేక నాలుగిళ్ళ అవతలికి వినిపించింది.

కిమ్‌లీ గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది. అల్లుడి నుదుటి మీద చెయ్యి వేసింది. మెడ కింద వేసింది. నాలుక చాపమంది. అతను చాపాడు. ఆవిడ ఒక్క క్షణం అల్లుడి మొహంలోకి తేరిపార చూసి, బరువుగా నిట్టూర్చింది.

"గాలి పట్టిందే తల్లీ. మామూలు గాలి కాదిది. గీకాలి."

ఫిరున్ పథకంలో గీకుడు లేదు. గాలి పడితే వీపు మీద బామ్ రాసి, డబ్బా మూతతో ఎర్రగా తేలేదాకా గీకడం ఊళ్ళో అందరికీ తెలిసిన వైద్యమే. అత్తగారి చేతి బలం సంగతి మాత్రం అల్లుడికే బాగా తెలుసు.

"వద్దత్తయ్యా, కాస్త గంజి తాగితే..."

"గంజి తరవాత. బోర్లా తిరుగు నాయనా."

మూత వెన్నుపూస పక్క నుంచి మొదలైంది. ఫిరున్ ఈసారి మూలగలేదు, కెవ్వుమన్నాడు. ఆ కేకలో నటన ఇసుమంత కూడా లేదు.

"చూశావటే, ఎంత ఎర్రగా తేలిందో! ఎంత గాలి ఉంటే అంత ఎరుపు," అంది కిమ్‌లీ కూతురితో, రెండో పక్క మొదలుపెడుతూ. డబ్బా మూతతో అలా గీకితే గోడ కూడా ఎర్రగా తేలుతుందని ఫిరున్ చెప్పబోయాడు. కానీ అప్పటికి మొహం తలగడలో ఉంది.

గీకుడు పూర్తయ్యేసరికి అతని వీపు కాల్చిన చేపలా చారలు తేలింది. తరవాత ఉప్పు గంజి వచ్చింది. పక్కన అరటిపండు లేదు, కొబ్బరి లేదు, ఏమీ లేదు. వాకిట్లోంచి వేగుతున్న కొత్త వడ్ల వాసన గుప్పున లోపలికి వస్తోంది. దంచుతున్నది ఎవరా అని తల ఎత్తి చూస్తే, కోసల్.

"పాపం బావా," అన్నాడు కోసల్ గుమ్మంలోకి వచ్చి, రోకలి పక్కన ఆనించి. "ఇవాళే రావాలా ఈ జబ్బు! సాయంత్రం పందెం పెట్టుకుని."

ఫిరున్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీకు తెలీదట్రా? హోంవర్కు!"

"ఏ హోంవర్కు బావా?"

"అదేరా, ప్రిటెండ్..."

కోసల్ కళ్ళు అమాయకంగా పెద్దవి చేశాడు. తరవాత వాకిట్లోకి తిరిగి, "పెద్దమ్మా! బావకి జ్వరం తలకెక్కినట్టుంది. ఏదేదో ఇంగ్లీషులో కలవరిస్తున్నాడు," అని అరిచాడు. రోకలి అక్కడే వదిలేసి పడవల పాక వైపు పరుగెత్తాడు. అంత దుఃఖంలోనూ వాడి పరుగు హుషారుగా ఉండటం ఫిరున్ గమనించాడు. తన తరవాత చుక్కాని ఎవరిదని యోన్ తాతను ఎవరైనా అడిగితే కోసల్ పేరే చెబుతాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఒళ్ళు నిజంగానే చల్లబడింది.

ఇక పడుకుని లాభం లేదని లేచి కూర్చున్నాడు. "తగ్గిపోయిందే చాన్నీ. చూడు, దిట్టంగా ఉన్నాను."

"చూశావామ్మా, లేచి తిరుగుతానంటున్నారు! మా మావయ్య పోయే ముందు కూడా ఇలాగే లేచి కూర్చుని దిట్టంగా ఉన్నానన్నాడు," అని చాన్నీ బావురుమంది. భుజాలు పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టింది. భార్య కళ్ళల్లో నిజం కన్నీళ్ళు చూసేసరికి ఫిరున్ గుండె కలుక్కుమంది. ఇదంతా నాటకమే అని ఇప్పుడు చెబితే ఆ కన్నీళ్ళు ఏమవుతాయో, గంజి గిన్నె ఏమవుతుందో అతనికి తెలుసు. కాస్త ఆగి చెబుదాంలే అనుకున్నాడు. అదే అతను చేసిన రెండో తప్పు.

కోసల్ పడవల పాకలో, "బావకి ఒంట్లో బాగాలేదు," అన్నాడు. పాకలోంచి ఆ మాట బజారుకు వెళ్ళేసరికి, "ఫిరున్‌కి మాట పడిపోయిందట," అయింది. బజారు దాటేసరికి, "మనుషుల్ని కూడా గుర్తుపట్టట్లేదట పాపం," అయింది. చిలికి చిలికి గాలివాన అయ్యే రకం గాలి అది. కిమ్‌లీ గీకిన గాలికి దానితో పోలికే లేదు. చెరకురసం బండివాడు పరామర్శకు వచ్చి, చూపు మాత్రం వాకిట్లో టుక్‌టుక్ మీద పెట్టి, "బండి అమ్ముతారేమో కనుక్కుందామని," అని నసిగి, కిమ్‌లీ చేతిలో గరిటె చూసి వెళ్ళిపోయాడు.

అంతలో సైకిల్ దిగి మాలియా టీచర్ వచ్చింది, సంచీ నిండా నారింజపళ్ళతో.

ఆవిణ్ణి చూసేసరికి ఫిరున్‌కు ప్రాణం లేచొచ్చింది. హోంవర్కు ఇచ్చిన మనిషే వచ్చింది! "టీచర్! మీరైనా చెప్పండి. నేను ప్రిటెండ్..."

"మాట్లాడకండి, నీరసం వస్తుంది," అంది టీచర్ మెత్తగా. అతని వీపు కనబడి నోరు నొక్కుకుంది. "అమ్మో, ఇంత గాలే! ఈ స్థితిలో కూడా పాఠాలు తల్చుకుంటున్నారు చూడండి. మా తరగతిలో ఇంత శ్రద్ధ ఇంకెవరికీ లేదమ్మా." చాన్నీ మళ్ళీ ఏడ్చింది. టీచర్ కళ్ళు తుడుచుకుని, నారింజపళ్ళు కిమ్‌లీకిచ్చి వెళ్ళిపోయింది. అవి కూడా జబ్బు మనిషికి మంచివి కావని కిమ్‌లీ ఉట్టి మీద పెట్టేసింది.

యోన్ తాత వచ్చేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. వెనకే పడవ జట్టంతా వచ్చి వాకిట్లో నిలబడింది. యోన్ తాత పడవకు పెద్ద, ఊరికి వైద్యుడు, కుడి చెవికి పూర్తిగా చెవిటి. ఎడమ చెవి ఉన్నా అది తనకు నచ్చినవే వింటుంది. ఆయన ఫిరున్ నుదుటి మీదా గొంతు మీదా సున్నంతో అడ్డగీతలు గీశాడు. మణికట్లకు తెల్లదారం చుట్టాడు. తమలపాకు నమిలి, మంత్రం చదివి, తుఫ్ అని మొహం మీద ఊదాడు. అది చాలదన్నట్టు విహారానికి కబురంపి, ఫిరున్ కోలుకోవాలని మైకులో చెప్పించి మంత్రాలు చదివించాడు. పండుగ గాలి ఆ మైకు మాటల్లో సగం ఎగరేసుకుపోయింది. నది అవతలి ఒడ్డు వాళ్ళకు ఫిరున్ పేరూ, ఆ వెనక మంత్రాలూ మాత్రమే వినబడ్డాయి. ఏ ఊళ్ళోనైనా అవి రెండూ అలా ఒకదాని వెనక ఒకటి వినబడితే దాని అర్థం ఒక్కటే.

"ఇక పడవ సంగతి," అన్నాడు యోన్ తాత గొంతు సవరించుకుని. "జబ్బు మనిషి కాలు పెడితే పడవ తల్లికి కోపమొస్తుంది. ఫిరున్ ఇవాళ ఎక్కడానికి లేదు."

"నా వల్ల కాదు తాతా! బావ చోట్లో నేనెలా కూచోను?" అన్నాడు కోసల్ వెంటనే. అప్పటికి వాణ్ణి ఎవరూ కూచోమనలేదు.

"తప్పదురా. చుక్కాని నువ్వే పట్టు."

"మీ మాట కాదంటానా," అని కోసల్ తల వంచాడు. ఆ వంచిన మొహంలో ఏముందో పడుకుని ఉన్న ఫిరున్‌కు ఒక్కడికే కనబడింది.

అప్పుడిక ఫిరున్ ఆగలేకపోయాడు. కన్నీళ్ళు ఏమైతే అయ్యాయి, అత్తగారేమంటే అనుగాక. నాన్న పట్టిన చుక్కాని ఈ గుంటనక్క చేతిలో పెట్టి, తను ఉప్పుగంజి తాగుతూ ఒడ్డున కూచోవడమా! చాప మీంచి ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. సున్నం మొహంతో, చారల వీపుతో, తమలపాకు ఎరుపు గడ్డం మీంచి కారుతుండగా రెండు చేతులూ పైకెత్తి అరిచాడు.

"తాతా! నేను త్వ చియా..."

జబ్బు వచ్చినట్టు, అని పూర్తి చేయబోయాడు. ఆ మాట నోట్లోంచి ఊడిపడనే లేదు.

"విన్నారా?" అని యోన్ తాత అంతకంటే గట్టిగా అరిచాడు. "త్వ ఒయ్ చియా అంటున్నాడు! తాత నాకు నయం చేశాడంటున్నాడు!"

"ఒయ్ లేదు తాతా! ఒయ్ లేదు! ఉత్త త్వ చియా!"

"ఆ, అవును నాయనా, నయమైంది. చూస్తూనే ఉన్నాంగా, ఎలా లేచి గంతులేస్తున్నావో!"

వాకిలంతా హోరెత్తిపోయింది. చాన్నీ మొగుణ్ణి కావలించుకుంది. అతని వీపు మీద ఆమె చేతులు పడగానే ఫిరున్ పెట్టిన కేకను అందరూ ఆనందం కింద జమకట్టారు. జట్టులో ఒకడు వెళ్ళి యోన్ తాత కాళ్ళకు మొక్కాడు. ఆయన కూడా కళ్ళు చెమర్చగా, "నలభై ఏళ్ళ బట్టీ ఊదుతున్నాను. ఇంత వేగంగా ఎప్పుడూ పని చెయ్యలేదురా," అని నిజం ఒప్పుకున్నాడు. ఫిరున్ ఒక్కసారి నోరు తెరిచాడు. నిజం చెబితే తాత పరువూ, దాంతో చుక్కానీ పోతాయి, ఊరుకుంటే చుక్కాని వస్తుంది. అతను నోరు మూసుకున్నాడు.

"మరి పడవ తల్లి, తాతా?" అన్నాడు కోసల్ ఆఖరి ఆశతో. "జబ్బు పడి లేచినవాడు..."

"నేను నయం చేసినవాణ్ణి పడవ తల్లి వద్దంటుందా? నా వైద్యం మీదే అనుమానమట్రా నీకు? ముందుకు పోయి తెడ్డు పట్టుకో!"

సాయంత్రానికి నది రెండు ఒడ్డుల మీదా జనం కిక్కిరిసిపోయారు. వంతెన మీద పిల్లలు కాళ్ళు వేలాడేసి కూచున్నారు. అవతలి విహారం వాళ్ళ పడవ ముందే వచ్చి గీత దగ్గర నిలిచింది. వాళ్ళు గడిచిన రెండు పండుగలూ గెలిచిన జట్టు. ఇవాళ వాళ్ళ మొహాల్లో గెలుపుతో పాటు కాస్త మర్యాదతో కూడిన విచారం కూడా ఉంది. చచ్చిపోయిన చుక్కానివాడి ఊరి మీద పందెం గెలవబోతున్నాం కదా పాపం అని.

అప్పుడు ఫిరున్ పడవ మలుపు తిరిగి వచ్చింది. వెనక గద్దె మీద అతను నిలబడి ఉన్నాడు. కూచుంటే వీపు మంట. నుదుటి మీదా గొంతు మీదా సున్నపు గీతలు, మణికట్లకు తెల్లదారాలు, గడ్డం మీద ఆరిన ఎర్రటి మరక. నీళ్ళ తుంపర చారల మీద పడినప్పుడల్లా అతని పళ్ళు పటపటమంటున్నాయి.

అవతలి పడవలో ఆఖరి తెడ్డువాడు ముందుగా చూశాడు.

"ఒరేయ్. ఆ నిలబడ్డది ఎవడ్రా?"

"ఎవడో కొత్తవాడు. ఫిరున్ పొద్దున్నే పోయాడుగా."

"మరి ఫిరున్‌లా ఉన్నాడేంట్రా?"

డప్పు మోగింది. రెండు పడవలూ కదిలాయి. సగం దూరం దాకా పక్కపక్కనే ఉన్నాయి. ఫిరున్ చుక్కానిని గుండెకు హత్తుకుని, మలుపులో పడవ ముక్కును ఒడ్డుకు ఒరిపించి లోపలి దారి పట్టాడు. వాళ్ళ నాన్న పట్టే దారి అదే. పడవలు రెండూ చేయి చాస్తే అందేంత దగ్గరికి వచ్చాయి. అప్పుడే వీపు మీద చెమట పారి భగ్గుమనడంతో, ఫిరున్ ఆకాశం వంక చూసి, "ఓఓఓ!" అని ఒక్క అరుపు అరిచాడు.

"దెయ్యంరా బాబోయ్!"

అవతలి పడవలో ఒకడు తెడ్డు వదిలేశాడు. వాడి తెడ్డు వెనకవాడి తెడ్డుకు చుట్టుకుంది, అది వాడి వెనకవాడికి తగిలింది. వాళ్ళ చుక్కానివాడు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. రెండు చేతులూ జోడిస్తే చుక్కాని పట్టేది ఎవరు? పడవ అడ్డం తిరిగి, నీళ్ళల్లోకి వంగిన వెదురుపొదలో మెల్లగా దూరింది. ఫిరున్ పడవ వంతెన కిందుగా ఒంటరిగా దూసుకుపోయింది. ఒడ్డున జనం గుడ్డలు ఎగరేశారు. ఫిరున్ చుక్కాని మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈసారి అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. చూస్తే చూశారులే అనుకున్నాడు.

పున్నమి చంద్రుడు పైకి రాగానే వాకిట్లో చాప వేసి, చంద్రుడికి మొక్కి, అందరూ అటుకులు పంచుకున్నారు. కిమ్‌లీ అల్లుడి దోసిట్లో అటుకులు పోసి, పైన అరటిపండు ముక్కలు వేసి, కొబ్బరినీళ్ళతో తడిపింది. పొద్దుటి నుంచీ ఉప్పుగంజి మీద ఉన్న మనిషి ఆబగా నోట్లో వేసుకున్నాడు.

"నుదురు దోసకాయలా చల్లగా ఉందయ్యా పొద్దున," అంది ఆవిడ నింపాదిగా.

ఫిరున్ నోట్లో అటుకులు అక్కడే ఆగిపోయాయి. "అత్తయ్యా... నీకు తెలుసా?"

"ఇద్దరు మొగుళ్ళని సాగనంపాను, ఐదుగురు పిల్లల్ని పెంచాను. దొంగ జ్వరం నాకు తెలీదూ?"

"మరి తెలిసి ఆ గీకుడేంటి?"

"నువ్వు జబ్బు మనిషిలా నటిస్తే నేను వైద్యురాలిలా నటించకూడదా? నువ్వు నా అటుకులు దంచలేదు, నేను నీ వీపు దంచాను. చెల్లుకు చెల్లు. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా?" అని, కొంచెం గొంతు తగ్గించింది. "చుక్కాని మాట వచ్చేసరికి నాకూ గుండె దడదడలాడిందిలే. చెప్పేద్దామనే అనుకున్నాను. ఈలోగా నువ్వే నయమైపోతివి." అని ఇంకో దోసెడు పోసింది. ఉట్టి మీది నారింజపళ్ళు కూడా దించింది. అత్తగారు అంత కొసరడం ఫిరున్ ఎన్నడూ చూడలేదు.

మర్నాటి నుంచీ యోన్ తాత ఇంటి ముందు జనం బారులు తీరారు. అవతలి ఒడ్డు నుంచి కూడా పడవల మీద వస్తున్నారు. అనుమానం ఉన్నవాళ్ళను ఆయన ఫిరున్ ఇంటికే పంపిస్తున్నాడు, "చచ్చి బతికినవాడు ఎదురుగా ఉన్నాడు, పోయి అడగండి," అని. ఫిరున్ ప్రతివాళ్ళకూ వీపు తిప్పి చూపించి, నవ్వి పంపిస్తున్నాడు.

సెలవులు అయిపోయాక తరగతి మళ్ళీ మొదలైంది. ఫిరున్ అడుగు పెట్టగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మాలియా టీచర్ హోంవర్కు అడిగింది. ఇక్కడైనా నిజం చెప్పి బరువు దించుకుందామని ఫిరున్ అందరికంటే ముందు లేచాడు. గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటే తూచి పలికాడు.

"ఐ ప్రిటెండెడ్ టు బి సిక్."

టీచర్ జాలిగా తల ఊపింది. "వాక్యం బాగుంది ఫిరున్ గారూ. తప్పుల్లేవు. కానీ జరిగింది చెప్పమన్నాను కదా."

"జరిగిందే టీచర్! నిజంగా నటించాను!"

"నేను కళ్ళారా చూశాను. ఆ వీపు చూశాను. అంత జబ్బు పడి, అందులోనూ పాఠం మర్చిపోలేదు. ఇప్పుడు హోంవర్కు చెయ్యలేకపోయానని నామోషీ పడి ఇలా అనక్కర్లేదు. ఎవరూ ఏమీ అనుకోరు."

"కోసల్! నువ్వైనా చెప్పవేరా!"

"ఏం చెప్పాలి బావా?" అన్నాడు కోసల్, అవే కళ్ళు అంతే పెద్దవి చేసి. తరవాత తన వంతు రాగానే లేచి, గడగడా అప్పజెప్పాడు. తన బావకి జబ్బు చేసిందని తను చాలా విచారంగా ఉన్నట్టు ప్రిటెండ్ చేశాడట.

తరగతి నవ్వింది, టీచర్ మురిసిపోయింది. కోసల్‌కు పూర్తి మార్కులు పడ్డాయి. ఫిరున్ వాక్యం పక్కన మాత్రం ఆవిడ ఎర్రసిరాతో, వచ్చే వారానికి ఏదైనా నిజంగా నటించుకుని రమ్మని రాసింది.